ప్రజల జింక, పట్టాదారు కంచె

టెక్సాస్ రాష్ట్రంలో అడవి జంతువులన్నీ ప్రజల ఆస్తి. ఇది నా కవిత్వం కాదు, ఆ రాష్ట్ర వన్యప్రాణుల చట్టంలో ఉన్న మాట. తెల్లతోక జింకలో, అడవి టర్కీ కోడిలో అక్కడి ప్రతి పౌరుడికీ వాటా ఉంది. కాకపోతే ఆ రాష్ట్రంలో నూటికి 90 వంతులకు పైగా భూమి ప్రైవేటు వ్యక్తులది కాబట్టి, ఈ ఉమ్మడి ఆస్తి ఎటు నడిచినా ఎవరో ఒకరి పట్టాభూమిలోనే కాలు పెట్టవలసి వస్తుంది. ఆ భూమి యజమాని అనుమతి లేకుండా లోపలికి వెళ్లి దాన్ని వేటాడితే నేరం. జింక మనదే, అది నిలబడ్డ చోటు మాత్రం మనది కాదు. ఈ భూములకు సాగు పేరిట ఇచ్చే పన్ను రాయితీ భారం మేమూ మోస్తున్నాం గదా, వేట కాలంలో నాలుగు రోజులైనా మమ్మల్ని లోపలికి రానివ్వరా అని కొందరు గొణుగుతున్నారు. ఇంత అమాయకమైన ప్రశ్నకు ఓపికగా జవాబు చెప్పడం నా ధర్మం.

రాయితీ పుట్టుక మంచిదే, అందులో వ్యంగ్యానికి చోటు లేదు. 1978లో టెక్సాస్ ఓటర్లు ఆమోదించిన రాజ్యాంగ సవరణ ప్రకారం, సాగులో ఉన్న భూమికి బజారు ధరను బట్టి కాక, దాని మీద వచ్చే ఫలసాయాన్ని బట్టి విలువ కట్టి పన్ను వేస్తారు. ఊరు పెరిగి పొలం గట్టు దాకా వచ్చినంత మాత్రాన రైతు పన్ను కట్టలేక నేల అమ్ముకోకూడదని దాని ఉద్దేశం. అయితే రైతు అంటే ఎవరు అన్న చిక్కుముడిని విప్పే భాగ్యం మా తోడల్లుడుగారికి దక్కింది.

ఆయన డాలస్‌లో వారానికి ఐదు రోజులు కంపెనీ సర్వర్లను కనిపెట్టుకుని ఉంటారు. ఏడుగురు మిత్రులతో కలిసి 80 ఎకరాలు కొన్నారు. కొనేటప్పుడు నేల సారం గురించి కాదు, నీళ్ల గురించీ కాదు, "యాగ్ ఎగ్జెంప్షన్ ఉందా?" అని ఆ సాగు రాయితీ సంగతొక్కటే అడిగారు. ఉంది. దాన్ని నిలుపుకోవడానికి పక్క ఊరి పెద్దాయన ఆవులను ఉచితంగా మేపుకోనిచ్చారు. "మీరు ఆవు పాలు పితికారా అన్నగారూ?" అని అడిగితే, "వాటిని దగ్గరగా చూడలేదయ్యా, పొడుస్తాయేమో" అన్నారు. అయినా ఆయన రైతే, పన్ను రసీదు ఆ సంగతి ఏటా ధ్రువీకరిస్తోంది.

అదే పొలాన్ని నవంబరు నుంచి వేట కోసం కౌలుకిచ్చారు. కౌలు మనిషికింత అని కాదు, తుపాకీకింత అని వసూలు చేస్తారు. నేల ప్రధానంగా సాగులో ఉన్నంతవరకు వేట వల్ల రాయితీకి ముప్పేమీ లేదు. పశువులు మేసినందుకు పుల్లరి కట్టమంటే కట్టనని పల్నాడులో తిరగబడి 1922లో కన్నెగంటి హనుమంతు ప్రాణమే ఇచ్చాడు. ఆయన ఈ పొలం చూసి ఉంటే ఎంత సంతోషించేవాడో! ఇక్కడ పశువులకు పుల్లరి లేదు, మనుషులకే ఉంది.

ఆవులను చూస్తే భయపడేవారి కోసం వేరే దారులు కూడా ఉన్నాయి. అయిదు నుంచి ఇరవై ఎకరాల వారు తేనెటీగలను పెంచినా వ్యవసాయమే. 1995లో ఓటర్లు మరో సవరణ ఆమోదించాక వన్యప్రాణులను సంరక్షించడమూ సాగు కిందకే వచ్చింది. అంతకు ముందే రాయితీ ఉన్న భూమిలో మేత పెట్టడం, నీళ్లు పెట్టడం, జంతువులను లెక్కించడం వంటి ఏడు పనుల్లో మూడు చేస్తే చాలు. ఇదంతా మానవుల ఉపయోగం కోసమని, అందులో ఆహారమూ వినోదమూ చేరతాయని చట్టం స్పష్టంగానే చెప్పింది. ఏ మానవులో చెప్పలేదు. అంత చిన్న విషయం తుపాకీ లెక్కన తేలిపోతుందని శాసనకర్తలకు తెలుసు.

మిషిగన్‌లాంటి చోట్ల ఈ విజ్ఞత లోపించింది. అక్కడ వాణిజ్య అటవీ పథకం కింద తక్కువ పన్ను కట్టే యజమాని, వేటకూ చేపలకూ వచ్చే జనాన్ని కాలినడకన లోపలికి రానివ్వాలి. విస్కాన్సిన్‌లో అయితే అలాంటి అడవిని జనానికి మూసుకున్నవారు ఎకరానికి అదనంగా చెల్లించాలి. రాయితీ ఇచ్చినవాడికి బదులుగా ఏదో ఒకటి దక్కాలన్న ఈ చాదస్తం కిరాణాకొట్టు వరకైతే సరే, ప్రభుత్వ వ్యవహారాల్లోకి రావడం శోచనీయం.

టెక్సాస్ పద్ధతి ఎంత మర్యాదైనదో కంచె దగ్గర నిలబడితే తెలుస్తుంది. లోపలికి రావద్దని బోర్డు పెట్టి మనసు నొప్పించనక్కరలేదు, చెట్లకూ కంచె స్తంభాలకూ ఊదారంగు పూస్తే చాలు. నిలువు గీత ఎనిమిది అంగుళాలకు తగ్గకూడదు, నేల నుంచి మూడడుగులకూ అయిదడుగులకూ మధ్య ఉండాలి. జింక ఎవరిదన్న విషయంలో చట్టం ఒక్క వాక్యంతో సరిపెట్టింది, గీత కొలతలు మాత్రం అంగుళాల్లో ఇచ్చింది.

మొన్న నవంబరులో తోడల్లుడుగారు తన వ్యవసాయం చూపిస్తానని తెల్లవారకముందే తీసుకెళ్లారు. గేటు బయట, రోడ్డు వారన కారు ఆపి పులిహోర డబ్బా తెరిచాం. కంచె అవతల మూడు కాళ్ల మీద నిలబెట్టిన పీపా, దానికి టైమరు. అంతలో ఒక ఆడ జింక కంచె దాటి రోడ్డు పక్క గడ్డిలోకి దూకి, మాకు పదడుగుల దూరంలో నిలబడి చెవులు రిక్కించింది. నా వాటాను నేను అంత దగ్గరగా చూడడం అదే మొదలు. సరిగ్గా ఏడింటికి పీపా గిర్రున తిరిగి మొక్కజొన్న గింజలు చిమ్మింది. ఆ చప్పుడు వినగానే అది మళ్లీ కంచె దాటి పొలంలోకి వెళ్లిపోయింది. తోడల్లుడుగారు గడియారం చూసుకుని, "మనం బయల్దేరదామయ్యా, కౌలువాళ్లు వచ్చే వేళైంది" అన్నారు.