పంతొమ్మిదోసారి సంపూర్ణ సమర్పణ

నేను ఇప్పటికి పంతొమ్మిదిసార్లు సంపూర్ణంగా సమర్పించుకున్నాను. గొప్ప కోసం చెప్పడం లేదు, లెక్క కోసం చెబుతున్నాను. మా చర్చి సంఘానికి కార్యదర్శిని నేనే. ప్రతి డిసెంబర్ 31 రాత్రి ఎవరెవరు చెయ్యెత్తారో రిజిస్టరులో ఎక్కించేదీ నేనే. నా పేరు నేనే రాసుకుంటాను కాబట్టి తప్పు పడే ప్రసక్తే లేదు.

పద్ధతి అందరికీ తెలిసిందే. పన్నెండు కావడానికి పావుగంట ఉందనగా ప్రసంగీకుడి గొంతు తగ్గుతుంది. కీబోర్డు కుర్రాడు మెల్లగా ఏదో వాయిస్తుంటాడు. "అందరూ తలలు వంచండి. కళ్లు మూసుకోండి. ఎవరూ ఎవర్నీ చూడొద్దు. ఈ రాత్రి ప్రభువుకి సంపూర్ణంగా సమర్పించుకునేవాళ్లు మాత్రమే చెయ్యెత్తండి" అంటాడాయన. ఆ మాటతో మందిరం మందిరమంతా ఒంటి కన్ను తెరుస్తుంది. ముందు వరసలో పెద్దలు ఎత్తుతారు. పెద్దలు ఎత్తాక డీకన్లు ఎత్తకపోతే బాగోదు. డీకన్లు ఎత్తాక వాళ్ల తోడల్లుళ్లు ఊరుకోరు. పోయిన డిసెంబరులో హాజరు 186, లేచిన చేతులు 203. కొంతమంది రెండు చేతులూ ఎత్తారు. సంపూర్ణం అన్నారు కదా మరి.

ఇంత సమర్పణ ఎన్నాళ్లు నిలుస్తుందని అనుమానించే అల్ప విశ్వాసులు కొందరున్నారు. వారికి నా సమాధానం: భోగి దాకా. మాది భీమవరం వైపు. జనవరి 1 నుంచి 13 వరకు మా సంఘంలో ఉన్నంత పరిశుద్ధత ఇంకెక్కడా దొరకదు. పద్నాలుగున తెల్లారేసరికి బరి దగ్గర మాత్రం 203 చేతుల్లో సగం కనిపిస్తాయి, అవీ నోట్లు పట్టుకుని. నేను పందెం కాయను. చూడటానికి వెళతాను. చూడటానికి వచ్చిన మిగతా విశ్వాసులు ఎవరెవరో చూసుకోవడానికి వెళతాను. కార్యదర్శికి ఈ మాత్రం బాధ్యత ఉండాలి.

ఇక కానుకల సంగతి. నాకు నాలుగెకరాల రొయ్యల చెరువు ఉంది, లీజుకి. పదోవంతు ఇవ్వాలని నాకూ తెలుసు. కానీ దేంట్లో పదోవంతు? మోషే కాలంలో గొర్రెలుండేవి. పది గొర్రెల్ని కర్ర కింద నడిపిస్తే పదోది ప్రభువుది, గొడవ లేదు. రొయ్యల్ని ఏ కర్ర కింద నడిపించను? పట్టుబడి రోజు వచ్చిన మొత్తంలో మేత బాకీ షాపువాడిది. ఏరేటర్ల కరెంటు బిల్లు ప్రభుత్వానిది. లీజు చెరువు ఆసామిది. సీడు డబ్బు హేచరీది. ఇవన్నీ పోగా మిగిలేదాంట్లో పదోవంతు తీస్తే కానుక సంచిలో వేయడానికి సిగ్గుపడే అంకె వస్తుంది. ఆ అంకె వేసి సంఘం పరువు తీయడం ఇష్టం లేక అసలు వేయడమే మానేసిన సంవత్సరాలున్నాయి.

దశమభాగం తెచ్చి నన్ను పరీక్షించండి, ఆకాశపు వాకిళ్లు తెరిచి కుమ్మరిస్తాను అని మలాకీ 3:10లో ఉంది. మా పాస్టరు అయ్యగారు ఏడాదికి కనీసం ఆరుసార్లు ఆ వచనం తీస్తారు. ఆయన మెట్టలో పుట్టిన మనిషి. ఆకాశపు వాకిళ్లు తెరుచుకుంటే చెరువులో ఉప్పుశాతం పడిపోయి, ఆక్సిజన్ అందక తెల్లారేసరికి రొయ్య తేలిపోతుందని ఆయనకి ఎవరు చెబుతారు? వరి రైతుదీ అదే ఏడుపు. పనలు కళ్లంలో ఉన్నప్పుడు ఆ వాకిళ్లు తెరుచుకుంటే గింజ మొలకెత్తుతుంది. కాబట్టి డెల్టాలో కొంతమంది దశమభాగం ఇవ్వకపోవడం పిసినారితనం కాదు, ముందుజాగ్రత్త.

పోయిన పట్టుబడి తర్వాతి ఆదివారమే అయ్యగారు అననీయ సప్పీరాల మీద వాక్యం చెప్పారు. యాదృచ్ఛికమనే అనుకుంటున్నాను. పొలం అమ్మి, సొమ్ములో కొంత దాచుకుని, మొత్తం ఇదేనన్నట్టు తెచ్చి అపొస్తలుల పాదాల దగ్గర పెట్టిన దంపతులు వాళ్లు. భర్త పడి చనిపోయాక భార్య వస్తే పేతురు ఒకే మాట అడిగాడు, పొలం ఇంతకే అమ్మారా అని. ఆరాధన అయ్యాక మెట్ల దగ్గర అయ్యగారు నన్ను పలకరించారు. "చెరువు ఎలా పట్టారండీ ఈసారి? ఎన్ని టన్నులు?" నేను నాలుగన్నాను. పదడుగుల అవతల ఆయన భార్య, అమ్మగారు, మా ఆవిడని అదే అడిగారు. మా ఆవిడ ఆరంది. నిజమాడే మనిషిని చేసుకుంటే వచ్చే కష్టాలు ఇవే. అయితే మా ఇద్దరిలో ఎవరం పడిపోలేదు. ఇది కృపాకాలం కదా.

లవొదికయ సంఘం వాళ్లు చల్లగానూ లేరు, వేడిగానూ లేరు, నులివెచ్చగా ఉన్నారని ప్రకటన గ్రంథంలో గట్టి చీవాట్లు పడ్డాయి. ఈ విషయంలో వృత్తిపరంగా నాదొక విన్నపం. వెనామీ రొయ్యకి నీళ్లు 28 నుంచి 32 డిగ్రీల మధ్య ఉండాలి. చల్లబడితే మేత మానేస్తుంది, వేడెక్కితే చస్తుంది. నులివెచ్చదనం మీదే బతుకుతున్న జిల్లాకి వచ్చి మరిగిపోండి అంటే ఎలా?

నా సమర్పణ ఏ డినామినేషన్‌కి చెందుతుందని అడిగేవాళ్లకీ సమాధానముంది. అన్నిటికీ. రాజమండ్రిలో లూథరన్లు, కాకినాడలో 1874లో వచ్చిన కెనడా బాప్టిస్టులు, నరసాపురం పాలకొల్లు వైపు బ్రదరన్ వాళ్లు, వీళ్లు కాక సందుకొక పెంతెకొస్తు మందిరం. దేవుడు ఇన్ని ఇచ్చింది వాడుకోమనే. లాభం వచ్చిన ఏడు నేను బ్రదరన్ వైపు మొగ్గుతాను. ధర్మశాస్త్రం కింద లేము, దశమభాగం బలవంతం కాదు అని వాళ్ల పెద్దాయన చక్కగా వివరిస్తాడు. చెరువుకి వైట్ స్పాట్ తెగులు వచ్చిన ఏడు పెంతెకొస్తు. నూనె రాసి గట్టు చుట్టూ తిరిగి ప్రార్థన చేస్తారు. పెళ్లికి మాత్రం లూథరన్. గంట ఉంటుంది, ఫొటోలు బాగా వస్తాయి.

ఆ బ్రదరన్ వాళ్ల పుట్టుపూర్వోత్తరాలు ఒకసారి రిజిస్టరు కళ్లతో చూశాను, నిరాశే మిగిలింది. 1836లో ఇంగ్లండులోని బార్న్‌స్టేపుల్ నుంచి విలియం బౌడెన్, జార్జ్ బీర్ అనే ఇద్దరు భార్యలతో సహా బయల్దేరి వచ్చారు. ఒకాయనది రాతిపని, ఇంకొకాయనది చెప్పులు కుట్టే పని. నెలనెలా జీతం పంపే సొసైటీ ఏదీ వెనకాల లేదు. ఆ ఎండలు, ఆ జ్వరాల్లో, అప్పటికింకా ధవళేశ్వరం ఆనకట్ట కూడా లేని డెల్టాకి వచ్చి ఏళ్ల తరబడి ఉండిపోయారు. బాగానే ఉంది. కానీ ఏ తేదీన, ఏ కూటంలో, ఎవరి ఎదుట చెయ్యెత్తారో నాకు దొరికిన పుస్తకంలో ఒక్క ముక్క లేదు. ఓడ మాత్రం ఎక్కేశారు. ఇవాళ మా సంఘంలో సభ్యత్వానికి దరఖాస్తు పెడితే ఆ గడి ఖాళీగా ఉందని నేనే తిప్పి పంపాలి.

ఆనకట్ట అంటే గుర్తొచ్చింది. కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852కల్లా గోదావరికి అడ్డంగా కట్టేశాడు. మా మందిరం పై అంతస్తు పదకొండేళ్లుగా స్లాబు దగ్గరే ఉంది. మేం విశ్వాసంతో కడుతున్నాం, ఆయన రాయీ సున్నంతో కట్టాడు. పోల్చకూడదు.

ఆ స్లాబు కోసమే కోతల పండుగలో పాట పెడతాం. విశ్వాసులు తెచ్చిన అరటిగెలలు, కొబ్బరికాయలు, కోళ్లు, గుమ్మడికాయలు బల్ల మీద పెట్టి వేలం వేయడం. పోయినేడు ఒక గుమ్మడికాయ నలభై రూపాయల దగ్గర మొదలైంది. రెండొందలు దాటేసరికి పాడేవాళ్లు ఇద్దరే మిగిలారు. ఇద్దరూ తోడల్లుళ్లు. అత్తగారి ఇంటి గోడ విషయంలో మూడేళ్లుగా మాటల్లేవు. వెయ్యి అన్నాడు పెద్దాయన. వెయ్యిన్నూరు అన్నాడు చిన్నాయన, పైకి చూస్తూ. ఆడవాళ్లు ముసుగులు సర్దుకుని ముందుకి జరిగారు. మూడువేలు. కీబోర్డు కుర్రాడు సందర్భం కనిపెట్టి వాయించడం మొదలెట్టాడు. అయిదువేల దగ్గర పెద్దాయన భార్య అతని చొక్కా పట్టుకుని లాగింది. ఆరువేల నూటపదహార్లకి చిన్నాయన గెలిచాడు. "ఎంతటి సమర్పణ!" అని అయ్యగారు కళ్లు తుడుచుకున్నారు.

గుమ్మడికాయ ఆ రాత్రే పులుసైపోయింది. ఆరువేల నూటపదహార్లు ఇంకా రాలేదు. నెలనెలా సంఘ కూటంలో బాకీల జాబితా చదువుతాను. పేర్లు చదవను, మర్యాద కాదు. "గుమ్మడికాయ" అని మాత్రం అంటాను. భుజాలు తడుముకునేది ఒక్కడే అనుకున్నాను మొదట్లో. నలుగురు తడుముకున్నారు. తిరగేసి చూస్తే అంతకు ముందు సంవత్సరాల గుమ్మడికాయలూ ఉన్నాయి.

పెళ్లి సంబంధాల దగ్గర మా సంఘం చూపించే భక్తి గురించి రెండు ముక్కలు. "సంపూర్ణ సమర్పణ గల విశ్వాసి అయితే చాలు" అంటారు ముందు. ఆ తర్వాత కాఫీ తాగుతూ, ఏ పేట అని అడుగుతారు. క్రీస్తులో యూదుడు, గ్రీసు దేశస్థుడు అనే తేడా లేదని పౌలు రాసిన మాట గలతీ పత్రికలో ఉంది, మా మందిరం గోడ మీదా ఉంది. అయితే ఆయన చెప్పింది యూదుల సంగతీ గ్రీకుల సంగతీ. మన రెండు పేటల సంగతి ఆయనకి ఎవరూ చెప్పినట్టు లేదు. కట్నం అనే మాట మాలో నిషిద్ధం. ప్రేమకానుక అంటాం.

కుల సర్టిఫికెట్ల గురించి కూడా ఎగతాళి చేయమని ఒక మిత్రుడు సలహా ఇచ్చాడు. ఆదివారం ఒక మతం, సోమవారం తహసీల్దారు ఆఫీసులో ఇంకో మతం అని. చేయలేను. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదాని హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని కలిపారు. క్రైస్తవుడైన దళితుణ్ణి కలపలేదు, మన దగ్గర బీసీ-సీలో పెట్టారు. మందిరం మారితే పేట మారదని పైన పెళ్లిళ్ల సంగతిలో చూశారు కదా, చట్టానికి మాత్రం మారిపోయినట్టే లెక్క. చదువుకునే కుర్రాడిని ఈ రెండింట్లో ఏదో ఒకటి వదులుకోమని నిలబెట్టినవాళ్ల సమర్పణని ముందు కొలవండి, తర్వాత వాడిది కొలుద్దాం.

సరే, మళ్లీ రిజిస్టరు దగ్గరికి వద్దాం. పిడికెడు బియ్యం అని మాకొక పాత అలవాటుంది. పూటపూటా ఎసట్లో పోసేముందు ఆడవాళ్లు ఒక పిడికెడు తీసి పక్క డబ్బాలో వేస్తారు. శనివారం ఆ డబ్బాలు మందిరానికి వస్తాయి. అన్నీ ఒకే బస్తాలో పోస్తాం. స్వర్ణ, సన్నబియ్యం, రేషను బియ్యం, నూకలు, అన్నీ కలిసిపోతాయి. అయ్యగారింట్లో అది వండితే సగం మెత్తబడిపోతుంది, సగం పలుకు మిగులుతుంది. అమ్మగారు ఇరవై ఏళ్లుగా ఆ అన్నమే వండుతోంది, ఏ శనివారం ఏ ఇంట్లో ఏ బియ్యం దిగిందో ముద్ద నమిలి చెప్పేస్తుంది. ఇది నాగరికంగా లేదని కమిటీ తీర్మానించింది. డబ్బాల బదులు ఫోన్‌పే స్కానరు పెడదామన్నాను నేను. వెనక బెంచీ మీంచి మా వీధి చివరి మామ్మ అడిగింది, "దాన్ని ఎసరు కాగినప్పుడు వాడాలా, కాగకముందు వాడాలా అబ్బాయ్?" కమిటీ దగ్గర జవాబు లేకపోవడంతో తీర్మానం వాయిదా పడింది.

ఈ మామ్మ వల్లే నా లెక్క ఏటా తేడా వస్తోంది. ఆమె డబ్బా రాని శనివారం నా రిజిస్టరులో లేదు. ఇల్లు మునిగిన ఏడు గోదారి గట్టు మీద పునరావాస శిబిరంలో ఇచ్చిన బియ్యంలోంచి కూడా తీసి పంపింది. కానీ పంతొమ్మిదేళ్లలో ఒక్కసారి చెయ్యెత్తలేదు. గడి ఖాళీ. వార్షిక నివేదికలో ఇలాంటి ఖాళీలు చూడ్డానికి బాగోవు. అందుకని మొన్న వాళ్ల అరుగు మీదకే వెళ్లాను. మామ్మ చేటలో బియ్యం పోసుకుని మట్టిబెడ్డలు ఏరుతోంది.

"మామ్మా, ఈ ఏడైనా చెయ్యెత్తుతావా? ఊరికే పైకి అంటే చాలు. పేరు రాసేసుకుంటాను."

"ఎత్తానుగా అబ్బాయ్. మీ నాన్న పెళ్లికి ముందు సంగతి. కాలవలో మునిగి బాప్తిస్మం పుచ్చుకున్న రోజు."

"అది కాదు మామ్మా. ఏటేటా ఎత్తాలి."

"ఎందుకూ, దించితేగా?" అంది, చేట చెరిగి పొట్టు నా చొక్కా మీదకి ఎగరేస్తూ.

ఆ మాట ఏ గడిలో రాయాలో నియమావళిలో లేదు. "ఎత్తలేదు" అనే రాసుకొచ్చాను. నియమం నియమమే.

డిసెంబరు దగ్గర పడుతోంది. భీమవరం వెళ్లి కొత్త రిజిస్టరు కొన్నాను, గట్టి అట్టది. అలవాటు ప్రకారం మొదటి పేజీలో ముందుగా నా పేరు రాసి, ఎదురుగా ఇరవయ్యోసారి అని వేసుకున్నాను. పెన్సిల్‌తో.