అడగాల్సింది అడగనివ్వరు

కొత్తరకం క్లౌడ్ ఫోన్ సిస్టమ్స్, అంటే ఇంటర్నెట్ మీద నడిచే ఆఫీసు ఫోన్లు, అమ్మడం నా ఉద్యోగం. ముక్కూమొహం తెలియని ఆఫీసులకు రోజంతా ఫోన్లు చెయ్యాలి. పేరు చెప్పేలోపే కట్ చేసేవాళ్ల మీద నాకు కోపం లేదు. పనిలో మునిగున్న మనిషికి ఎవరో తెలియని ఫోన్ విసుగే కదా. నా బాధంతా మా చేతికిచ్చే స్క్రిప్టుతోనే.

"మీ ఫోన్ ఖర్చు తగ్గిస్తాం" అని మొదలుపెట్టాలట. వాళ్లకెంత ఖర్చవుతోందో తెలియకుండా తగ్గిస్తామని ఏ నోటితో చెప్పను? అడగాల్సింది వేరే ఉంది. మీ ఇంటర్నెట్ లైన్ నిలకడగా ఉంటుందా? ఒకేసారి ఎంతమంది మాట్లాడతారు? మాటను డేటాగా మార్చే పద్ధతుల్లో ఒకటైన జి.711 కోడెక్ వాడితే ఒక్కో కాల్‌కి అటు, ఇటు దాదాపు 90 కేబీపీఎస్ (సెకనుకు కిలోబిట్లు) చొప్పున నెట్ వేగం చాలు. అదేం పెద్ద లెక్క కాదు. కానీ మాటను మోసుకెళ్లే చిన్న డేటా మూటలు, అంటే ప్యాకెట్లు, ఆలస్యమైనా, మధ్యలో పోయినా మాట ముక్కలైపోతుంది. కరెంటు పోయి రౌటర్ ఆగితే, బ్యాకప్ లేని చోట టేబుల్ మీది ఫోన్లన్నీ మూగబోతాయి. పాత రాగితీగ లైనుకి ఎక్స్ఛేంజీ నుంచే కరెంటు వచ్చేది. లిఫ్టులో అత్యవసర ఫోనో, అలారమో ఆ లైను మీదే నడుస్తుంటే? అది ముందే తేల్చుకోకపోతే ప్రాణాల మీదికొస్తుంది.

ఇవన్నీ అడిగితే కాల్ పొడవైందని మాకు చివాట్లు. మా పైవాళ్లకు కావాల్సింది కాల్స్ లెక్క. పైగా ఖచ్చితంగా వద్దన్నవాళ్ల నంబరే మళ్లీ లిస్టులోకొస్తుంది. వాళ్లు అరుస్తారు, అరవడం న్యాయమే. పడేది మాత్రం మేం. ఆ నంబర్లు తీసెయ్యడానికి ఏం అడ్డం?