మర్యాదగా అడిగితే దారి పోతుంది

పొలం దారి తగాదాలకు మూలం దురాశేనని ఊరి పెద్దమనుషులు తేల్చేస్తుంటారు. తప్పు. అసలు మూలం మర్యాద. "కాస్త నీ గట్టు మీద నుంచి పోనీ బావా" అని అడిగే దురలవాటు మన రైతుల్లో ఉన్నంతకాలం సివిల్ కోర్టులు కళకళలాడుతూనే ఉంటాయి.

నోటికొచ్చింది చెప్పడం లేదు. 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం (పక్కవాడి భూమిని దారికో నీళ్లకో వాడుకునే హక్కుల చట్టం) 15వ సెక్షన్ తీయండి. (మద్రాసు ప్రెసిడెన్సీలో ఇది మొదట్నుంచీ అమలైంది. కోస్తా, రాయలసీమ వాళ్లకు ముత్తాతల నాటి చుట్టం.) పక్కవాడి భూమిలో 20 ఏళ్లపాటు బాహాటంగా, గొడవ పడకుండా, ఆగకుండా, నా హక్కే అన్నట్టు నడిస్తే ఆ దారి హక్కు నీదే. సర్కారు భూమైతే 30 ఏళ్లు. "నా హక్కే అన్నట్టు" అన్న ముక్క దగ్గరే మంచివాళ్లు మునిగిపోతారు. అడిగి నడిస్తే అది అనుమతి. ఇచ్చినవాడు మామూలుగా ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చు. ఏటా సంక్రాంతికి అరిసెలు పంపి, తలొంచుకుని నడిచినవాడికి మిగిలేది అరిసెల ఖర్చు. పలకరించకుండా ట్రాక్టరు తోలుకుపోయిన మొరటోడికి డిక్రీ.

కాబట్టి యువరైతులారా, గట్టు మీద బావ ఎదురుపడితే ఆకాశం కేసి చూడండి. "మీ దయ" లాంటి మాటలు పొరపాటున కూడా రానివ్వకండి, రేపు సాక్ష్యమైపోతాయి. భూమి గలవాళ్లకూ ఒక ఉపాయం ఉంది. వాడు వెళ్తుంటే నలుగురిలో పిలిచి "వెళ్లరా అబ్బాయ్, నేనేం వద్దనను" అని ప్రేమ ఒలకబోయండి. దానికి తల ఊపకుండా పోవడం అవతలివాడి విద్య.

దారికి తుమ్మకంప అడ్డం వేస్తే సరిపోతుందనుకునే అమాయకులు కొందరు. చట్టం లెక్కలో అది ఆటంకం కావాలంటే, కంప ఎవరు వేశారో తెలిసి కూడా అవతలివాడు ఏడాది నోరు మూసుకుని ఊరుకోవాలి. ఏడాది నోరు మూసుకునే మనిషి మన ఊళ్లలో ఎక్కడ దొరుకుతాడు? సాయంత్రం వేసిన కంప తెల్లారేసరికి కాలవలో తేలుతుంది.

ఇక గట్టు. ఏటా దమ్ముకు ముందు ఇద్దరూ చెరోవైపు పార పట్టుకుని గడ్డి చెక్కుతారు. గడ్డితో పాటు జానెడు మట్టి కూడా మడిలోకి జారుతుంది, అదేం చిత్రమో ఎప్పుడూ చెక్కినవాడి మడిలోకే. తాతల నాడు ఎడ్లబండి వెళ్లిన గట్టు మీద నాన్నగారు సైకిలు నడిపించుకుంటూ వెళ్లారు. ఇప్పుడు కొంగ ఒంటికాలి మీద నిలబడుతోంది, దానికీ ఇరుకే. ఈలోగా వరికోత మిషన్ వచ్చింది. డ్రైవరు రోడ్డు మీద ఇంజను ఆపకుండా "ఇంకో ఊళ్లో కోతుంది, తొందరగా తేల్చండి" అంటాడు. 28వ సెక్షన్ అప్పటికే తేల్చేసింది. ఒక రకం దారి హక్కులో ఇంకో రకం దారి హక్కు ఇమడదు. కాలిబాట సంపాదించినవాడు కాళ్లతోనే పోవాలి.

అన్నదమ్ముల పంపకాల్లో మరో ముచ్చట. రోడ్డు వైపు ముక్క పెద్దోడికి, వెనక ముక్క చిన్నోడికి. దస్తావేజులో నాలుగు హద్దులూ భక్తిగా రాయిస్తారు, దారి ఒక్కటే మర్చిపోతారు. వేరే గత్యంతరం లేదు కాబట్టి 13వ సెక్షన్ జాలిపడి చిన్నోడికి దారి ఇస్తుంది. అవసరం తీరితే 41వ సెక్షన్ దాన్ని తీసేసుకుంటుంది. అందుకే రెండో వైపు రోడ్డుకు చేరే రెండు సెంట్లు అమ్మకానికొచ్చినా చిన్నోడు కొనడు. అన్న పొలం తొక్కుకుంటూ పోవడంలో ఉన్న తృప్తి సొంత దారిలో ఏముంటుంది?

దారి వెడల్పెంత, ఏ బళ్లు పోవాలి, బాగుచేయించేది ఎవరు అన్నీ రాసుకుని రిజిస్టర్ చేయించుకుంటే పోలా అనేవాళ్లున్నారు. ఆ మాట ఎత్తి చూడండి. "మన మధ్య కాగితాలేంట్రా, నా నోటి మాట చాలదా?" అంటూ బావ వారం రోజులు అలుగుతాడు. తర్వాత ఆ పొలం అమ్మేసి విజయవాడ ఫ్లాటుకు వెళ్లిపోతాడు. పాత యజమాని ఇచ్చిన అనుమతికి కొన్నవాడు కట్టుబడనక్కర్లేదని 59వ సెక్షన్. కొన్నాయన వచ్చిన రోజే సిమెంటు స్తంభాలు దింపిస్తాడు. ఫోన్ చేస్తే బావ ఎత్తుతాడు, మర్యాదస్తుడే పాపం. "నేనేం చేయనురా, అమ్మేశాగా" అంటాడు.