మెగాపిక్సెల్ సూపర్ బిల్టప్పే, కార్పెట్ ఏరియా అడగండి

మియాపూర్‌లోనో నల్లగండ్లలోనో ఫ్లాట్ చూడ్డానికి వెళ్లినవాళ్లకు ఇది కొత్త కాదు. బ్రోషర్‌లో 1,500 చదరపు అడుగులు అని ఉంటుంది, లోపలికెళ్లి ఇక్కడ మంచం, అక్కడ బీరువా, ఇదిగో డైనింగ్ టేబుల్ అనుకుంటూ అడుగులేసి చూసుకుంటే లెక్క ఎక్కడా తేలదు. మిగతాదేదయ్యా అంటే లిఫ్టులో, మెట్లలో, కారిడార్‌లో, క్లబ్‌హౌస్‌లో మీ వాటా ఉంది సార్ అంటాడు సేల్స్ కుర్రాడు, ఏమాత్రం తడుముకోకుండా. దాన్ని సూపర్ బిల్టప్ ఏరియా అంటారని, మనం బతికేది కార్పెట్ ఏరియాలో మాత్రమేనని హైదరాబాద్‌లో ఇప్పుడు పదో తరగతి పిల్లాడికి కూడా తెలుసు. అదే మనిషి సాయంత్రం మొబైల్ షాపుకెళ్లి డబ్బా మీద 64 అనో 108 అనో 200 అనో పెద్ద అంకె చూసి పాతిక వేలు కట్టి వచ్చేస్తాడు. ఫోన్‌లో మెగాపిక్సెల్, అంటే ఫొటోలో ఎన్ని పది లక్షల చుక్కలో (పిక్సెళ్లో) చెప్పే అంకె, సూపర్ బిల్టప్. కార్పెట్ ఏరియా సెన్సార్ సైజు, అంటే లెన్స్ వెనక వెలుతురు పట్టే చిప్ ఎంత పెద్దదన్నది. రాత్రిపూట ఫొటోలు తీసేవాళ్లు 20 నుంచి 30 వేల మధ్య ఫోన్ కొనాలనుకుంటే మొదట అడగాల్సింది సెన్సార్, రెండోది ఓఐఎస్, అంటే చెయ్యి వణుకును సరిచేసే ఏర్పాటు. మూడోది ఎవర్నీ అడగక్కర్లేదు, షాపులోనే మీ కళ్లతో మీరు తేల్చుకోవచ్చు.

నేనేమీ పుట్టుకతో తెలివైనవాణ్ణి కాదు. ఆ మధ్య 64 మెగాపిక్సెల్ ఫోన్ ఒకటి, కంపెనీ పేరెందుకులెండి, దసరా ఆఫర్‌లో కొన్నాను. షోరూంలో తీసి చూస్తే ఫొటో అద్దంలా ఉంది. ఉండక ఏం చేస్తుంది, పెళ్లి మంటపంలో కూడా అన్ని లైట్లుండవు. మూడోరోజు సద్దుల బతుకమ్మ. మా కాలనీలో వీధి దీపం కింద పదిహేను మంది ఆడవాళ్లు చుట్టూ తిరుగుతూ చప్పట్లు కొడుతుంటే తీశాను. ఇంటికొచ్చి పెద్దది చేసి చూస్తే, పొద్దున్నుంచీ కూర్చుని వరసలు వరసలుగా పేర్చిన తంగేడు, రంగులద్దిన గునుగు అంతా కలిసిపోయి ఎవరో రంగునీళ్లు ఒలకబోసినట్టుంది. మొహాలు మైనం బొమ్మలు. చేతులైతే అసలు లేవు, చేతులుండాల్సిన చోట పొగ. మా వదిన ఫోన్ తీసుకుని అటూ ఇటూ తిప్పి, "గిండ్ల నేనేడున్న?" అంది. నేను చూపించలేకపోయాను. పక్కింటి అమ్మాయి 50 మెగాపిక్సెల్ ఫోన్‌తో తీసిన ఫొటోలో వదిన జడలోని మల్లెలు కూడా లెక్కపెట్టొచ్చు. 64 కంటే 50 ఎట్లా పెద్దదైంది? ఆ రాత్రి పట్టుకున్న పురుగు ఇంకా వదల్లేదు నన్ను.

లెక్క చాలా చిన్నది. వెలుతురును లక్స్‌లో కొలుస్తారు. మిట్ట మధ్యాహ్నం ఎండ సుమారు లక్ష లక్స్ ఉంటే, కాలనీ వీధి దీపం కింద పదో ఇరవయ్యో ఉంటుంది. అంటే పగలు వచ్చే వెలుతురులో దాదాపు పదివేల వంతు. వానలేని ఏడాదిలో ఎవరి ఇంట్లో నీళ్లుంటాయి? డాబా పెద్దదైనవాడి సంపులో. సెన్సార్ అంటే వెలుతురు పట్టే డాబా, అంతే. ఇప్పుడు ఇది చూడండి. సోనీ ఐఎంఎక్స్766 అనే సెన్సార్ ఉంది, 50 మెగాపిక్సెల్, 2022లో వచ్చిన నథింగ్ అనే కంపెనీ మొదటి ఫోన్‌లో వాడారు. శామ్‌సంగ్ జేఎన్1 అనే సెన్సార్ ఉంది, అదీ 50 మెగాపిక్సెలే. మొదటిదాంట్లో ఒక్కో పిక్సెల్ వెడల్పు ఒక మైక్రాన్ (మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు), రెండోదాంట్లో 0.64 మైక్రాన్. గుణించి చూస్తే మొదటిదాని విస్తీర్ణం 50 చదరపు మిల్లీమీటర్లు, రెండోదానిది 20. డబ్బా మీద రెండింటికీ ఒకే 50! ఒకడికి ట్రిపుల్ బెడ్‌రూం, ఇంకొకడికి సింగిల్ బెడ్‌రూం ఇచ్చి ఇద్దరి రిజిస్ట్రేషన్ కాగితాల్లోనూ ‘ఒక ఇల్లు’ అని రాసినట్టుంది వ్యవహారం. 0.7 మైక్రాన్ పిక్సెళ్లతో వచ్చే 64 మెగాపిక్సెల్ సెన్సార్ విస్తీర్ణం 31 చదరపు మిల్లీమీటర్ల దగ్గర ఆగిపోతుంది. మా వదిన చేతులు ఎక్కడికి పోయాయో అర్థమైందిగా.

పైగా ఆ సైజునైనా సూటిగా చెప్పరు. 1/1.56 అంగుళం, 1/1.95 అంగుళం, 1/2.76 అంగుళం అని భిన్నాల్లో చెప్తారు, కింద అంకె చిన్నదైతే సెన్సార్ పెద్దదని మనం ఎలిమెంటరీ స్కూల్ లెక్కలు గుర్తుచేసుకోవాలి. ఇంకా గమ్మత్తేంటంటే ఆ అంగుళం కూడా నిజం అంగుళం కాదు. పాతకాలం టీవీ కెమెరాల్లో గాజు గొట్టాలుండేవి, వాటి బయటి వ్యాసంతో కొలిచే అలవాటు అట్లాగే మిగిలిపోయింది. ‘ఒక అంగుళం’ సెన్సార్ ఐమూలగా కొలిస్తే 25 మిల్లీమీటర్లు రాదు, 16 దగ్గర ఉంటుంది. సూపర్ బిల్టప్‌లో మళ్లీ సూపర్ బిల్టప్ అన్నమాట.

108, 200 వాళ్లు కోప్పడకండి. వాటిలో సెన్సార్ నిజంగానే పెద్దగా ఉన్నవి ఉన్నాయి, కాదనను. కానీ రాత్రిపూట ఆ 108 తొమ్మిదేసి పిక్సెళ్లను ఒకటిగా కలిపి 12 మెగాపిక్సెల్ ఫొటోనే ఇస్తుంది, 200 అయితే పదహారేసి కలిపి 12.5 ఇస్తుంది. మరి ఆ పెద్ద అంకె ఎవరి కోసం? డబ్బా కోసం. 2021 నాటికి ఈ ధరలో వచ్చిన 108 ఫోన్లలో చాలావాటికి ఓఐఎస్ కూడా లేదు.

ఓఐఎస్ అంటే లెన్స్‌నే లోపల కదిలించి మన చెయ్యి వణుకును సరిచేసే ఏర్పాటు. చీకట్లో కెమెరా కన్ను ఎక్కువసేపు తెరిచి ఉంచాలి, సెకనులో పదిహేనో వంతో పదో వంతో, ఆపాటి టైంలో ఎవరి చెయ్యైనా కదులుతుంది, చాయ్ తాగినా తాగకపోయినా. డబ్బా మీద ఈఐఎస్ అని ఉంటే అది వేరే సంగతి, వీడియోని సాఫ్ట్‌వేర్‌తో కత్తిరించి సర్దడం, రాత్రి ఫొటోకి దానివల్ల ఒరిగేది లేదు. అయితే ఓఐఎస్ సర్దేది మీ వణుకునే, ఎదుటివాళ్ల కదలికను కాదు. చప్పట్లు కొడుతున్న చేతుల్ని ఆపాలంటే కన్ను చప్పున మూసుకోవాలి, చప్పున మూసుకోవాలంటే ఆ కాసేపట్లోనే సరిపడా వెలుతురు పట్టాలి, అంటే మళ్లీ డాబా పెద్దది కావాలి. ఎటు తిరిగినా ఆ చదరపు మిల్లీమీటర్ల దగ్గరికే వస్తాం.

అందుకే యూట్యూబ్‌లో ‘నైట్ కెమెరా టెస్ట్’ అంటూ దుర్గం చెరువు కేబుల్ బ్రిడ్జి ముందు నిలబడి తీసే వీడియోలంటే నాకు నవ్వొస్తుంది. కేబుల్ బ్రిడ్జి ఎక్కడికీ పోదు. దాని ఒంటినిండా లైట్లే. చార్మినార్ అంతే, నాలుగొందల ఏళ్లుగా కదలకుండా ఫొటోకి నిలబడి ఉంది. పన్నెండు వేల ఫోన్ కూడా అక్కడ పరువు నిలబెట్టుకుంటుంది. నాంపల్లి నుమాయిష్‌లో జెయింట్ వీల్ దిగి పరిగెత్తుకొస్తున్న పిల్లదాన్ని తీసి చూపించమనండి, నిమజ్జనం రోజు ట్యాంక్‌బండ్ మీద లారీ ముందు ఎగురుతున్న కుర్రాళ్లని తీయమనండి.

ఇక్కడో మాట వస్తుంది, రావాలి కూడా: ఈ రోజుల్లో సెన్సార్ కాదన్నా, సాఫ్ట్‌వేర్ ముఖ్యం అని. అందులో నిజం ఉంది. 2018లో గూగుల్ నైట్ సైట్ అనే రాత్రి ఫొటోల మోడ్ తెచ్చినప్పుడు దాని పిక్సెల్ 3 ఫోన్ వెనక ఒకే ఒక్క 12 మెగాపిక్సెల్ కెమెరా, అది వరసగా బోలెడు ఫ్రేములు తీసి, ఒకదాని మీద ఒకటి పేర్చి చీకటిని వెలిగిస్తే లోకం నోరు తెరిచింది. కానీ ఆ పేర్చడం కదలనివాటికి పనికొచ్చినట్టు కదిలేవాటికి పనికిరాదు. ఇంకో సంగతి, సాఫ్ట్‌వేర్‌లో అంత మొనగాడైన గూగులే 2021లో పిక్సెల్ 6 ఫోన్ తెచ్చినప్పుడు 1/1.31 అంగుళాల పెద్ద సెన్సార్‌కి మారింది. వంటవాడే మంచి బియ్యం కావాలని అడిగాక మనకింకా వాదన దేనికి?

మిగతావి చకచకా. వెనక నాలుగు కెమెరాలున్నాయని మురిసిపోవద్దు. 2 మెగాపిక్సెల్ మాక్రో, 2 మెగాపిక్సెల్ డెప్త్ అనేవి కట్టే ఇంటికి దిష్టిబొమ్మ కట్టినట్టు, ఉంటే ఉన్నాయి. ఈ ధరలో అల్ట్రావైడ్ చాలావరకు 8 మెగాపిక్సెల్ చిన్న సెన్సార్, చీకటి పడ్డాక దాన్ని ముట్టుకోకండి. లెన్స్ కన్ను ఎంత తెరుచుకుంటుందో చెప్పే ఎఫ్/1.8కీ ఎఫ్/1.9కీ తేడా కోసం నిద్ర పాడుచేసుకోవద్దు. రాత్రి షాపు లైట్ల కింద వీడియోలో చారలు పాకుతుంటే ఫోన్ పాడైందని టెన్షన్ పడకండి, మన కరెంటు 50 హెర్ట్జ్, కొన్ని ఎల్ఈడీలు సెకనుకు వందసార్లు మిణుకుతాయి, సెట్టింగ్స్‌లో యాంటీ ఫ్లికర్ ఉంటే 50 పెట్టుకోండి. కొత్తగా వచ్చిన మధ్యరకం ఫోన్ కంటే ఏడాది కిందటి ఖరీదైన ఫోన్ సేల్‌లో అదే ధరకి దొరికితే కళ్లు మూసుకుని అటే పొండి, పెద్ద సెన్సార్‌కి ఏడాదిలో ముసలితనం రాదు.

షాపులో తేల్చుకోవడం సంగతి చెప్తానన్నాను కదా. నేను చేసేది ఇది: ఫోన్ చేతికిచ్చాక కౌంటర్ కిందికి వంగి, కాళ్ల దగ్గర నీడలో ఎడమ చెయ్యి వేళ్లు ఆడిస్తూ కుడి చేత్తో మూడు ఫొటోలు తీస్తాను, పెద్దవి చేసి చూస్తాను. గోళ్ల అంచులు కనబడితే పాస్. గీతలు గీతలుగా సాగిపోతే ఫెయిల్. నైట్ మోడ్ ఆపి ఒకసారి, పెట్టి ఒకసారి. అబిడ్స్ జగదీశ్ మార్కెట్‌లో ఇట్లా వంగి ఉంటే కౌంటర్ కుర్రాడు వింతగా చూసి, "గింత చీకట్ల ఫొటో ఎవరు తీస్తరన్నా?" అన్నాడు. దేశంలో పండగలన్నీ చీకటి పడ్డాకే కదరా తమ్ముడూ అన్నాను. పెళ్లి ముహూర్తాలూ సగం అర్ధరాత్రివే.

అసలు నేను వంగాల్సిన అవసరం ఏమొచ్చింది? నాకు ఒళ్లు మండేది ఇక్కడే. ఫ్లాట్ల విషయంలో ఈ గారడీ చూసీ చూసీ 2016లో రెరా చట్టం తెచ్చారు, కార్పెట్ ఏరియా అంటే ఏంటో చట్టంలోనే రాశారు, బిల్డర్ అది చెప్పి తీరాలన్నారు. ఏసీ కొంటే నక్షత్రాల స్టిక్కర్ ఉంటుంది, ఏడాదికి ఎన్ని యూనిట్లు తాగుతుందో అంకెతో సహా. ఫోన్ల మీద కూడా మనవాళ్లకు మాట చెల్లక కాదు, ఇప్పుడే మీ ఫోన్‌లో *#07# కొట్టి చూడండి, రేడియేషన్ లెక్క వస్తుంది, మన దేశంలో దానికి కిలోకి 1.6 వాట్ల హద్దు పెట్టి, ఆ అంకె బయటపెట్టమని కంపెనీలతో ఒప్పించారు. పాతిక వేల బిల్లులో 18 శాతం జీఎస్టీ కింద 3,800 పైచిలుకు సర్కారు తీసుకుంటోంది. ఆ డబ్బుకి ఒక్క వాక్యం అడుగుతున్నాను: ‘ప్రధాన కెమెరా సెన్సార్ విస్తీర్ణం ఇన్ని చదరపు మిల్లీమీటర్లు, ఓఐఎస్ ఉంది లేదా లేదు.’ అంగుళాల భిన్నాలొద్దు, నిజం కొలత. మెగాపిక్సెల్ అంకె ఎంత పెద్ద అక్షరాల్లో వేస్తారో ఇదీ అంత పెద్ద అక్షరాల్లో.

కంపెనీలు వాటంతటవే చెప్తాయని ఆశపడేవాళ్లకి ఒక పాత కథ. 2012లో నోకియా లూమియా 920 ప్రకటనలో ఓఐఎస్ గొప్పతనం చూపిస్తూ ఒక వీడియో వేసింది, సైకిల్ తొక్కుతున్న అమ్మాయిని తీసినట్టు. చూసేవాళ్లు కిటికీ అద్దంలో ప్రతిబింబం కనిపెట్టారు: వ్యాన్, అందులో పెద్ద కెమెరాతో మనిషి. నోకియా క్షమాపణ చెప్పింది. నిజంగా ఓఐఎస్ ఉన్న ఫోన్‌కే అబద్ధం ఆడాల్సొచ్చిందంటే, లేనివాటి సంగతి మీరే ఊహించుకోండి.

మొన్న మళ్లీ అదే మార్కెట్‌కి వెళ్లాను, మా వదినకి ఫోన్ కొనడానికి, మాట పడ్డాను కదా. సెన్సార్ సైజెంత తమ్మీ అని అడిగితే కుర్రాడు ఏమనుకున్నాడో, డబ్బా తిప్పి నాలుగు వైపులా వేలు పెట్టి చదివాడు. ఎమ్మార్పీ ఉంది, తయారైన నెల ఉంది, కస్టమర్ కేర్ నంబర్ ఉంది. నెట్ క్వాంటిటీ దగ్గర ఆగి, "గిదేనా అన్నా?" అని చూపించాడు. డబ్బాలో ఫోన్లు ఎన్నున్నాయో రాశారు అక్కడ. ఒకటి.