కరెంటు పెట్టించుకునే హక్కు

ఈ మధ్య మన ఊళ్లలోని ఫిజియోథెరపీ సెంటర్లలో ఒక ప్రమాదకరమైన ధోరణి తలెత్తింది. నడుం నొప్పితోనో మెడ నొప్పితోనో వెళ్లిన మనిషిని బల్ల మీద పడుకోబెట్టి కరెంటు పెట్టాల్సింది పోయి, లేచి నిలబడమంటున్నారు. నిలబడితే కూర్చోమంటున్నారు. కూర్చుంటే మళ్లీ లేవమంటున్నారు. ఇలా పదిసార్లు. అది చాలదన్నట్టు ఇదంతా ఇంటి దగ్గర కూడా రోజూ చెయ్యాలని ఒక జిరాక్సు కాగితం చేతిలో పెట్టి పంపిస్తున్నారు. డబ్బిచ్చి మరీ చాకిరీ చెయ్యడం మన వంశాల్లో ఎక్కడా లేదు. బాధ్యత గల పౌరులుగా దీన్ని మొగ్గలోనే తుంచేయాల్సిన అవసరం ఉంది.

ముందుగా కరెంటు మహిమ చెప్పుకోవాలి. నడుం మీద నాలుగు ప్యాడ్లు అంటిస్తారు. వాటిలోంచి రెండు కరెంట్లు ఎదురెదురుగా దూసుకొస్తాయి. ఒకటి సెకనుకు 4000 సార్లు ఊగుతుంటే, రెండోది 4100 సార్లు ఊగుతుంది. రెండూ ఒంట్లో కలుసుకున్నచోట ఆ తేడా 100 ఉంది చూశారూ, అదే మనకు జివ్వుమని తెలుస్తుంది. పుస్తకాల్లో దీన్ని ఇంటర్‌ఫెరెన్షియల్ థెరపీ అంటారు, సెంటర్లలో ఐ.ఎఫ్.టి. అంటారు. "తెలుస్తోందా అంకుల్?" అని సెంటర్లోని ఫిజియోథెరపిస్టు అమ్మాయి అడుగుతుంది. "ఇంకొంచెం పెంచమ్మా" అంటాం. ఎంత పెంచితే అంత గిట్టుబాటు.

ఇదేదో నిన్నమొన్నటి వైద్యం కాదు. క్రీస్తుశకం మొదటి శతాబ్దంలోనే రోమ్‌లో స్క్రిబోనియస్ లార్గస్ అనే వైద్యుడు, కాలి గౌట్ నొప్పికి సముద్రపు ఒడ్డున బతికున్న కరెంటు చేప మీద నిలబడమని రాశాడు. పాదం నుంచి మోకాలి దాకా మొద్దుబారేవరకూ అలాగే నిలబడాలి. ఆ మహానుభావుడు చేప మీంచి దిగాక ఇంట్లో చేసుకోవడానికి కసరత్తుల కాగితం ఇచ్చినట్టు మాత్రం ఎక్కడా లేదు. వైద్యుడంటే అలా ఉండాలి.

1965లో మెల్జాక్, వాల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు వెన్నుపాములో నొప్పికి ఒక గేటు లాంటి ఏర్పాటు ఉంటుందని సిద్ధాంతం చెప్పారు. మోచెయ్యి గడపకు తగిలితే గబగబా రుద్దుకుంటాం కదా, ఆ తాకిడి కబురు వెళ్లి గేటు మూస్తే నొప్పి కబురు పైకి పోలేదట. చర్మం మీద ప్యాడ్లు అంటించి నరాలకు చిన్నచిన్న కరెంటు తాకిడులు పంపే టెన్స్ మిషన్‌ను సమర్థించేవాళ్లు చెప్పేదీ ఇదే. బెల్లు మోగి ప్యాడ్లు తీసేశాక గేటు మళ్లీ తెరుచుకుంటుందని గిట్టనివాళ్లు అంటారు. తెరుచుకోనివ్వండి. రేపు మళ్లీ వస్తాం. పది సిట్టింగుల ప్యాకేజీ ఉన్నది అందుకే కదా.

అల్ట్రాసౌండ్ సంగతి ఇంకా ఘనం. చల్లటి జెల్ రాసి, చెవికి వినబడని శబ్దతరంగాలు లోపలికి పంపే చిన్న మిషన్ తలను గుండ్రంగా తిప్పుతారు. కొందరు అమాయకులు దీన్ని స్కానింగ్ అనుకుని "లోపల ఏం కనబడింది డాక్టరమ్మా?" అని ఆత్రంగా అడుగుతారు కూడా. ఇందులో చెప్పుకోదగ్గ సుగుణం, మిషన్ పనిచేస్తోందో లేదో పడుకున్నవాడికి తెలియకపోవడం. ఆపేసిన మిషన్‌తో ఊరికే తిప్పి చూసిన పరీక్షలు చాలా జరిగాయి. వాటిలో చాలాసార్లు ఆన్ చేసినవాళ్లకూ చెయ్యనివాళ్లకూ పెద్ద తేడా కనబడలేదు. దీన్ని కొందరు వైఫల్యం అంటున్నారు. నేను విద్యుత్ పొదుపు అంటాను. కరెంటు కోతలోనూ ఆగకుండా సాగే వైద్యం ప్రపంచంలో ఇంకేముంది?

ఇక విదేశీ కుట్ర గురించి. బ్రిటన్‌లో వైద్యానికి మార్గదర్శకాలు రాసే నైస్ అనే సంస్థ ఉంది. 2016లో వాళ్లు నడుం నొప్పికీ, కాల్లోకి పాకే సయాటికా నొప్పికీ ఏమేం ఇవ్వకూడదో రాసిపెట్టారు. బెల్టు వద్దు. నడుం సాగదీసే ట్రాక్షన్ వద్దు. అల్ట్రాసౌండ్ వద్దు. టెన్స్ వద్దు. ఐ.ఎఫ్.టి. వద్దు. ఈ జాబితా నాకెక్కడో చూసినట్టే అనిపించింది. మా సందు చివర సెంటర్ బయట ఫ్లెక్సీ మీద "మా వద్ద లభించు సేవలు" అన్న శీర్షిక కింద దాదాపు ఇదే వరసలో ఉంది. 2022లో మోకాళ్ల అరుగుదల మీదకొచ్చి, దానికీ ఈ కరెంటు వైద్యాలేవీ వద్దని, అందరిచేతా వ్యాయామం చేయించమని రాశారు. వాళ్లది చలి దేశం, ఒళ్లు కదిపితే వెచ్చగా ఉంటుంది. మే నెల విజయవాడలో కూర్చుని రాసుంటే తెలిసేది.

విశ్రాంతి మీద కూడా కన్నేశారు. బెణుకుకు విశ్రాంతి, ఐస్, కట్టు, కాలు ఎత్తులో పెట్టడం అని 1978లో సూత్రం చెప్పిన అమెరికా డాక్టర్ గేబ్ మిర్కిన్, మూడున్నర దశాబ్దాల తర్వాత, ఐసూ పూర్తి విశ్రాంతీ గాయం మానడాన్ని ఆలస్యం చేస్తాయేమోనని మాట మార్చాడు. ఆయన మార్చుకుంటే మార్చుకోవచ్చు, మనం మాట తప్పే మనుషులం కాదు. అంతకుముందు 1986లో అదే దేశంలో నడుం నొప్పివాళ్లలో కొందరికి రెండు రోజులు, కొందరికి వారం రోజులు మంచం రాసిచ్చి చూశారు. నొప్పి తగ్గడంలో తేడా లేదు గానీ, రెండు రోజులవాళ్లు పనికి చాలా తక్కువ రోజులు ఎగ్గొట్టారట. చూశారా ఆ దుర్మార్గం! విశ్రాంతి తగ్గిస్తే మనిషి పనిలో పడిపోతాడని వాళ్లే ఒప్పుకున్నారు.

ఎం.ఆర్.ఐ. రిపోర్టు మీద చెయ్యి వేస్తే మాత్రం ఊరుకునేది లేదు. ఎల్ ఫోర్, ఎల్ ఫైవ్ అనే నడుం పూసల మధ్య డిస్క్ బల్జ్, అంటే మెత్తటి డిస్కు బయటికి ఉబ్బింది అని రాసున్న ఆ ఫిల్ము మన బీరువాలో పట్టాదారు పాసుపుస్తకం పక్కన ఉంటుంది. పెళ్లిళ్లలో ఇద్దరు పెద్దమనుషులు కలిస్తే ముందు డిస్కు నంబర్లు చెప్పుకున్నాకే పిల్లల ఉద్యోగాల దాకా వస్తారు. అలాంటిదాన్ని పట్టుకుని, ఏ నొప్పీ లేనివాళ్ల స్కానులన్నీ పోగేసి 2015లో లెక్కకట్టారు. ఇరవై ఏళ్లవాళ్లలో 30 శాతం మందికీ, ఎనభై ఏళ్లవాళ్లలో 84 శాతం మందికీ డిస్క్ బల్జ్ ఉందట. అంటే మన బల్జ్ ప్రత్యేకత ఏమైనట్టు? నెరిసిన జుట్టుతో సమానం చేసి మాట్లాడితే ఆ ఫిల్ముకు పోసిన వేలు ఎవరిస్తారు?

ఇక అసలు శత్రువు దగ్గరకు వద్దాం: ఆ జిరాక్సు కాగితం. దాని మీద నిక్కరు వేసుకున్న ఓ బొమ్మ మనిషి ఉంటాడు. పడుకుని కాలెత్తుతుంటాడు, వంతెనలా నడుం లేపుతుంటాడు, మోకాలి కింద టవల్ చుట్ట పెట్టుకుని నొక్కుతుంటాడు. అయిదు లెక్కపెట్టి వదలాలి, మళ్లీ నొక్కాలి. వాడికి ఉద్యోగం లేదు, సీరియల్ లేదు, ఇంటికి చుట్టాలు రారు. వాడితో మనకు పోటీ పెట్టడమే అన్యాయం. మొదటివారం ఆ కాగితం ఫ్రిజ్ మీద ఉంటుంది. రెండోవారం దాని మీద పాల లెక్క పడుతుంది. మూడోవారం ఎక్కడుందో ఎవరికీ తెలియదు.

"అంకుల్, ఇంట్లో చేస్తున్నారా?"

"చేస్తున్నానమ్మా, వీలున్నప్పుడల్లా."

ఆ అమ్మాయి మన మొహంలోకి చూస్తుంది. నాలుగేళ్లకు పైగా చదివి, ఏ కండరం ఎక్కడ పుట్టి ఎక్కడ అతుక్కుంటుందో బట్టీపట్టి, ఇంటర్న్‌షిప్ చేసి వచ్చిన పిల్ల. మనం చెప్పేది అబద్ధమని ఆమెకు తెలుసు. ఆమెకు తెలుసని మనకూ తెలుసు. "ఈరోజు కరెంటు పెట్టకుండా కసరత్తు చేద్దామా?" అని భయం భయంగా అడుగుతుంది. పెట్టకపోతే రేపు మనం రెండు మిషన్లు ఎక్కువున్న ఎదురు సెంటర్‌కు పోతామని ఓనరు ముందే చెప్పి ఉంచాడు. కాసేపటికి ప్యాడ్లు అంటించేస్తుంది. ప్రజాస్వామ్యంలో అంతిమ విజయం ప్రజలదే.

అయినా కసరత్తుకు సమాజంలో మర్యాద ఏముంది? ఫోన్ చేసిన వియ్యపురాలు "కరెంటు పెట్టిస్తున్నారా వదినగారూ?" అని అడుగుతుంది. "టవల్ నొక్కుతున్నారా?" అని ఏ వియ్యపురాలైనా అడిగిందా? కసరత్తుకు బెల్లు లేదు, బిల్లు లేదు, ఎర్రలైటు లేదు. ఫలితం వారాలకు గానీ రాదు. వచ్చాక కూడా ఎవరికి దణ్ణం పెట్టాలో తెలియదు. మన తాతల కాలంలో నడుం పట్టేస్తే ఎదురుకాళ్లతో పుట్టినవాడిని వెతికి పిలిపించి, నడుం మీద మెల్లగా తొక్కించుకునేవారు. కష్టం వాడిది, సుఖం మనది. ఆ ధర్మం ఇప్పటికీ చెక్కుచెదరలేదు, కాళ్ల బదులు ప్యాడ్లు వచ్చాయంతే.

ప్రభుత్వాలకు ఈ విషయం పట్టడం లేదు. 2025 సెప్టెంబర్‌లో ఫిజియోథెరపిస్టులు పేరు ముందు డాక్టర్ అని పెట్టుకోకూడదని కేంద్ర ఆరోగ్య సేవల డైరెక్టరేట్ ఉత్తరం రాసి, ఆ వెంటనే దాన్ని వెనక్కి తీసుకుంది. పేరు ముందు ఏముండాలో దేశమంతా తగువులాడుకుంది గానీ, నడుం మీద ఎన్ని ప్యాడ్లుండాలో ఒక్క ఛానెల్ కూడా చర్చ పెట్టలేదు.

అన్నిటికంటే పెద్ద మోసం ఇంకోటుంది. ఫంక్షన్ హాళ్లలో పాదాల కింద మిషన్ పెట్టి, నరాలు ఉత్తేజపడతాయంటూ ఉచిత శిబిరాలు నడుపుతుంటారు. తెల్లారుజామునే పెద్దవాళ్లు చెప్పులేసుకుని, నలుగురూ కబుర్లు చెప్పుకుంటూ అంతదూరం నడిచి వెళ్తారు, కుర్చీలోంచి లేస్తూ కూర్చుంటూ వరసలో ముందుకు జరుగుతారు, మళ్లీ నడిచి ఇంటికొస్తారు. పక్షం రోజులకు మోకాళ్లు తేలికయ్యాయని చెప్పి ఆ మిషన్ కొనేస్తారు. మిషన్ ఇంటికి రాగానే నడక ఆగిపోతుంది, నొప్పి తిరిగొస్తుంది. అంటే మిషన్ ముసుగులో వాళ్లచేత రహస్యంగా వ్యాయామం చేయించారన్నమాట! దీని మీద విచారణ జరగాలి.

మా సెంటర్ కూడా ఇందుకు అతీతం కాదు. కింద మందుల షాపు, పైన మొదటి అంతస్తులో సెంటర్, మధ్యలో నిటారు మెట్లు. లిఫ్టు లేదు. మోకాళ్ల పేషెంటు పది సిట్టింగులకు పదిసార్లు ఎక్కి పదిసార్లు దిగుతాడు. రేపు వాడి తొడలు గట్టిపడి నొప్పి తగ్గితే, ఐ.ఎఫ్.టి.కి రావాల్సిన పేరు మెట్లు కొట్టేస్తాయి. కాబట్టి తక్షణం లిఫ్టు పెట్టించాలని యాజమాన్యాన్ని డిమాండ్ చేస్తున్నాం. అది వచ్చేదాకా మమ్మల్ని కుర్చీతో సహా పైకి మోసుకెళ్లడానికి ఇద్దరు కుర్రాళ్లను పెట్టాలి. వాళ్లకు నడుం పట్టేస్తే ఏమిటంటారా? పక్క బల్ల ఖాళీగానే ఉంది, కరెంటు పెడతారు.