అదృష్టానికీ అంతస్తులున్నాయి

ఒకే మేలు ఇద్దరికి జరిగినంత మాత్రాన ఇద్దరికీ ఒకే మాట వాడటం మర్యాద కాదని ఇంగ్లీషు భాష ఏనాడో తీర్మానించింది. పక్కవాడి విషయంలో మనమూ ‘వాడికి సుడి ఉందిలే’ అని సరిపెట్టుకుంటాం గానీ, ఆ పనిని ఇంత శాస్త్రీయంగా చేయడం మనకు చేతకాలేదు.

పదోన్నతి మనకు వస్తే మనం ‘ఫార్చునేట్’. పక్కవాడికి వస్తే వాడు ‘లక్కీ’. మొదటి మాటకు వంశగౌరవం ఉంది: రోమన్ల దేవత ఫోర్చునా దానికి బంధువు, పైగా ‘ఫార్చ్యూన్’ అంటే ఇంగ్లీషులో ఆస్తి కూడా. రెండవది 15వ శతాబ్దం ప్రాంతంలో డచ్చి, జర్మన్ తీరాల నుంచి, బహుశా జూదగాళ్ల నోట, దిగుమతి అయిందని నిఘంటుకారుల ఊహ. అటువంటి పుట్టుక గల మాటను మన ప్రతిభకు ఎలా తగిలించుకుంటాం? పక్కవాడు మరీ గిట్టనివాడైతే ‘ఫ్లూక్’ ఉండనే ఉంది. బిలియర్డ్స్ బల్లమీద అనుకోకుండా కుదిరిన దెబ్బకు 19వ శతాబ్దంలో పెట్టిన పేరది. ఎంత ప్రేమగా పలికినా ‘వీడికి ఆట రాదు’ అన్నట్టే వినిపిస్తుంది.

చదువుకున్నవారి అదృష్టానికి ఈ బజారు మాటలు పనికిరావు కనుక, ఇంగ్లీషు రచయిత హోరేస్ వాల్పోల్ 1754 జనవరి 28న రాసిన ఒక ఉత్తరంలో ‘సెరెండిపిటీ’ని ప్రత్యేకంగా తయారుచేశాడు. సెరెండిప్ అంటే సింహళం. ఆ దేశపు రాకుమారులు ముగ్గురు, తాము వెతకనివాటిని యాదృచ్ఛికంగానూ తెలివితోనూ కనుగొంటూ పోయే కథ అందుకు ఆధారం. అసలు పట్టు ఆ ‘తెలివితోనూ’ దగ్గరే ఉంది. 1928లో పెన్సిలిన్ కనిపెట్టిన అలెగ్జాండర్ ఫ్లెమింగ్ సెలవు నుంచి తిరిగివచ్చేసరికి ప్రయోగశాల పళ్లెంలో బూజు పట్టి, దాని చుట్టూ సూక్ష్మజీవులు నశించి ఉన్నాయి, అది సెరెండిపిటీ. నేను కడగడం మరచిన గిన్నెలో పట్టినది మాత్రం బూజే.

‘హ్యాపీ’ కూడా ఒకప్పుడు ‘లక్కీ’కి మారుపేరే, అనుకోని కీడు అనే అర్థమున్న ‘మిస్‌హ్యాప్’ దానికి సొంత తోబుట్టువే. ఆ చుట్టరికం ఇప్పుడు అది బయటపెట్టుకోదు.

ఇక ‘విండ్‌ఫాల్’ అంటే గాలికి రాలిన పండు. చెట్టెక్కని శ్రమను ఇంత సూటిగా ఒప్పుకునే మాటను తన లాభం విషయంలో ఏ కంపెనీ వాడుకుంటుంది? అందుకే 1997లో బ్రిటన్ ప్రభుత్వమే ఆ బాధ్యత స్వీకరించి, ప్రైవేటుపరమైన నీరు, విద్యుత్తు వంటి సంస్థలకు కలిసివచ్చిన లాభానికి ఆ పేరు పెట్టి, దానిపై పన్ను కూడా వేసింది. సెరెండిపిటీ మీద పన్ను వేసిన ప్రభుత్వం నా ఎరుకలో లేదు. వార్షిక నివేదికలు రాసే గుమాస్తాలు ఈ సంగతి గమనించగలరు.