తొమ్మిదో దెబ్బకి ప్రదక్షిణలెందుకండీ?

ఇప్పుడే కూకట్‌పల్లి నుంచి ఇంటికొచ్చాను. ఇంకా బట్టలు కూడా మార్చుకోలేదు. ముందు ఇది రాసేయాలి, లేకపోతే రాత్రి నిద్ర పట్టదు.

ఈరోజు మా బావమరిది కొడుకు అన్నప్రాసన. ముహూర్తం 11:40. గోల్ఫ్ క్లబ్‌లో నా టీ టైమ్, అంటే ఆట మొదలుపెట్టే టైమ్, పొద్దున 6:20. నలుగురు ఆడితే 18 హోల్స్‌కి నాలుగు గంటలు, పోనీ నాలుగుంపావు. పదిన్నరకి స్నానం, పదకొండుకి కారు, ఔటర్ ఎక్కితే అరగంట. ఇంటావిడకి రాత్రే మాటిచ్చాను. ఆవిడ ఏమీ అనలేదు. అనకపోతే దాని అర్థమేమిటో పెళ్లయినవాళ్లకి చెప్పక్కర్లేదు.

చివరి హోల్లో బంతి గుంటలో పడేసరికి 11:50. అప్పటికి అక్కడ పిల్లాడు పాయసం చప్పరించేశాడు. పుస్తకం, పెన్ను, బంగారం ముందు పెడితే పెన్ను పట్టుకున్నాడట, నేను చూడలేదు. (గోల్ఫ్ కర్ర పెట్టలేదు కాబట్టి బతికిపోయాడు.) నేను చేరేసరికి ఒంటిగంట. అత్తగారు నవ్వుతూ “ఆట అయిందా బాబూ? పెరుగన్నం ఉంది” అన్నారు. అంతే, ఇంకో మాట లేదు.

ఇదంతా ఎవరివల్ల? మా ముందు 6:12కి వెళ్లిన నలుగురు మహానుభావుల వల్ల. క్లబ్ పేరు రాయను. మీకూ ఇలాంటి నలుగురు ఉండే ఉంటారు.

మూడో హోల్ దగ్గరే అర్థమైంది. ఒకాయన బంతి తుప్పల్లోకి పోయింది. నలుగురూ, బ్యాగులు మోసే నలుగురు కేడీలూ వెతుకుతున్నారు. పదినిమిషాలు! 2019లో రూల్స్ మార్చి వెతికే టైమ్ 5 నిమిషాల నుంచి 3కి తగ్గించారండీ. అనుమానం ఉంటే టీ (మొదటి దెబ్బ కొట్టే చోటు) దగ్గరే ప్రొవిజనల్, అంటే ఇంకో బంతి, కొట్టుకుని వెళ్లాలి. ఈయన వెతకడం అయ్యాక, దొరక్క, మళ్లీ వెనక్కి నడిచి వచ్చారు. నీడలో గొడుగు కింద, ఫోన్లో మాట్లాడుకుంటూ. మేము టీ మీద నిలబడి దారి ఇచ్చాం, వరుడొస్తున్నట్టు.

ఆ 2019 రూల్స్‌లోనే ఉంది, 40 సెకన్లలో కొట్టమని. దూరంగా ఉన్నవాడే ముందు కొట్టాలన్న పట్టింపు లేదు, సిద్ధంగా ఉన్నవాడు కొట్టేయొచ్చు. గుంటలోని జెండా తీయకుండానే పుట్ చేయొచ్చు, అంటే బంతిని గుంటలోకి దొర్లించొచ్చు. వీళ్లకి ఏవీ అందలేదు. “మీరు కానివ్వండి సార్”, “లేదు లేదు, మీరే దూరం”, “అయ్యో, మీరు పెద్దవారు”. గోల్ఫా, పెళ్లి పంక్తిలో మర్యాదలా?

ఇక గ్రీన్ (గుంట చుట్టూ ఉండే నున్నటి గడ్డి) మీద. ఎనిమిది దెబ్బలకి గ్రీన్ చేరిన మనిషి, ఆ తొమ్మిదోదానికి గుంట చుట్టూ నాలుగు ప్రదక్షిణలు చేస్తాడు. కూర్చుంటాడు, లేస్తాడు, ఒక కన్ను మూస్తాడు, కేడీని అడుగుతాడు, కేడీ చెప్పింది వినడు. టీవీలో చూసి నేర్చుకుంటారు ఇవన్నీ. 2018లో అమెరికాలో ఒక ప్రొఫెషనల్ ఆఖరి హోల్లో ఒక్క దెబ్బకి నాలుగు నిమిషాలకి పైగా తీసుకుంటే లోకమంతా తిట్టింది. ఆయన టోర్నమెంట్ గెలవడానికి చేశాడు. వీళ్లు దేనికి చేస్తున్నారు? పైగా ఇవాళ పాయింట్ల పోటీ, స్టేబుల్‌ఫోర్డ్! 1932లో ఇంగ్లండ్‌లో ఫ్రాంక్ స్టేబుల్‌ఫోర్డ్ అనే డాక్టరుగారు ఆ పోటీ మొదలుపెట్టాడు. అందులో పాయింటు రాదని తేలిపోయాక బంతి తీసి జేబులో వేసుకోవచ్చు. తొమ్మిదో దెబ్బకి వచ్చేది సున్నా. ఆ సున్నాని ఇంత శ్రద్ధగా సాధించేవాళ్లని నేనెక్కడా చూడలేదు.

చిన్న లెక్క చేయండి. మనిషికి 90 దెబ్బలు, నలుగురికి 360. ఒక్కో దానికి 20 సెకన్లు ఎక్కువ తీసుకుంటే రెండు గంటలు. కేవలం 20 సెకన్లు. గ్లోవ్ తీసి, మళ్లీ వేసుకునేంత సేపు.

తొమ్మిది హోల్స్ అయ్యాక ఇడ్లీ, వడ, టీ. అక్కడ 111 జీవో (జంట జలాశయాల చుట్టూ కట్టడాల ఆంక్షలు) మీద చర్చ, మోకిలలో గజం ఎంత, ఆ విల్లా ఎవరు కొన్నారు. వాళ్ల ముందు ఒకటిన్నర హోల్ ఖాళీగా ఉంది, నెమళ్లు తిరుగుతున్నాయి. నేను వెళ్లి చాలా మర్యాదగా అడిగాను. “సార్, మాకు ఫంక్షన్ ఉంది, ముందుకి వెళ్లమంటారా?” వాళ్లలో నీలం టోపీ ఆయన వడ ముక్క సాంబార్లో ముంచుతూ, “తొందరేముంది బాబూ, సండేనే కదా” అన్నారు.

మీకు సండే సార్. మా కేడీకి కాదు. పదిన్నరకి అయిపోతే అతను మధ్యాహ్నం లోపు ఇంకో బ్యాగ్ ఎత్తుకునేవాడు. పద్నాలుగో హోల్ దగ్గర ఎండలో నిలబడి, “రెండో రౌండు పోయినట్టే సార్ ఇయ్యాల” అన్నాడు. కోపం కూడా లేదు ఆ గొంతులో. నాకు పోయింది పాయసం. అతనికి పోయింది ఒక పూట సంపాదన. మేం నలుగురం కలిసి కొంచెం ఎక్కువ ఇచ్చాం, సరిపోయిందనుకోను. అసలు కట్టాల్సింది మేమా?

కమిటీకి చెప్పమంటారు మీరు. చెప్పాను. ఆరు నెలల కింద కూడా చెప్పాను. ఆట ఆలస్యం కాకుండా చూడ్డానికి ఒక మార్షల్‌ని పెట్టారు, పాపం, సైకిల్ మీద తిరుగుతాడు. మాలాంటివాళ్ల దగ్గరికొచ్చి “సార్, కొంచెం ఫాస్ట్” అంటాడు. నీలం టోపీ దగ్గర నమస్కారం పెట్టి వెళ్లిపోతాడు. ఆలస్యం చేస్తే మొదటిసారికే ఒక స్ట్రోక్ (దెబ్బ) పెనాల్టీ అని రూల్ ఉంది. మా క్లబ్‌లో అది పడగా నేను చూడలేదు.

రూల్స్ అమలు చేయడం రాదా అంటే, వచ్చు. మూడేళ్ల కింద నేను కాలర్ లేని టీషర్ట్ వేసుకొచ్చాను. కొత్త మెంబర్ని, ఉతికిన బట్టల్లో చేతికందింది వేసుకున్నాను. మొదటి టీ దగ్గరే ఆపేశారు, నిమిషం కూడా పట్టలేదు. షాపులో మూడు వేలు పెట్టి కాలర్ ఉన్నది కొనుక్కుని వచ్చేసరికి నా గ్రూపు వెళ్లిపోయింది. సోమవారం మెయిల్ కూడా వచ్చింది, “క్లబ్ సంప్రదాయాలు” అంటూ. కాలర్ లేకపోతే ఎవరి టైమ్ పోయిందండీ? ఏ కేడీ రౌండు పోయింది?

ఆరోజు ఆఫీసుకి ఫోన్ చేసి కంప్లయింట్ ఇచ్చింది ఎవరనుకున్నారు?

నీలం టోపీ. అప్పుడు తెల్ల టోపీ పెట్టుకునేవారు.

ఆ రోజు అంత తొందర ఎక్కడినుంచి వచ్చింది సార్ మీకు? నా మెడ చూడ్డానికి 40 సెకన్లు కూడా తీసుకోలేదే!

సరే, పనిలో పని. వచ్చే నెల రెండో ఆదివారం ఎవరికైనా 6:12 కంటే ముందు స్లాట్ ఉండి, వదులుకునే ఉద్దేశం ఉంటే మెసేజ్ పెట్టండి. మా బావమరిదిది గృహప్రవేశమట.